నెత్తి అంచున ఆగిన కన్ను

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌ని చూడాలంటే తెల్లవారుజామునే వెళ్ళాలి. బోట్లు ఒడ్డుకు చేరి, ఐసు పెట్టెలు దిగి, గంపలు బారులు తీరే వేళ అది. వంజరాలు, పారలు, చందువలు, రొయ్యల కుప్పల మధ్య అప్పుడప్పుడూ ఓ బల్లపరుపు చేప కనిపిస్తుంది. ఒకరోజు అలాంటిదే మూరెడు పొడవున్నది ఒకటి గంపలో పడి ఉంటే వంగి చూశాను. పై పక్క గోధుమరంగు. రెండు కళ్ళూ ఆ పక్కనే ఉన్నాయి. నోరు పెద్దది, పళ్ళు సూదుల్లా ఉన్నాయి.

"ఇదేం చేపమ్మా?" అని అడిగాను.

"నాలుక చేప బాబూ. ముల్లు తక్కువ. పిల్లలకి పెట్టొచ్చు" అంది గంప ముందు కూర్చున్న ఆవిడ.

"రెండు కళ్ళూ ఒక పక్కనే ఉన్నాయే!"

"ఇసకలో పడుకునే చేపకి కింద కన్నెందుకు బాబూ?" అని నవ్వి, చేపను తిరగేసి చూపించింది. కింది పక్క పాలిపోయి ఉంది. కన్ను ఉండాల్సిన చోట నున్నటి చర్మం తప్ప ఏమీ లేదు. కానీ నెత్తి అంచు దగ్గర ఏదో మెరిసింది. పై పక్కన చూసిన రెండు కళ్ళలో ఒకటి సరిగ్గా ఆ అంచు మీదే కూర్చుని ఉంది. ఎవరో బరువు మోసుకుంటూ గట్టు దాకా వచ్చి, అవతలికి పూర్తిగా దిగకుండా అక్కడే ఆగినట్టుంది.

ఆ కన్ను ఎందుకు పైకి వచ్చిందో ఆవిడ ఒక్క మాటలో చెప్పేసింది. ఎలా వచ్చిందో చెప్పడానికి మాత్రం శాస్త్రవేత్తలకు నూట ముప్ఫై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ కథ మన విశాఖ తీరాన్ని ఒకసారి తాకి, ఇటలీ కొండల్లోకి వెళ్ళి, పారిస్, లండన్, వియన్నా మ్యూజియాల్లో తిరుగుతుంది. దాన్ని మొదటి నుంచి చెప్పుకుందాం.

1780లలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి పరిశీలన ఆయన పని. పాముల మీద ఆయన చేసిన పరిశోధన ప్రసిద్ధం. మన ఇళ్ళ చుట్టూ తిరిగే రక్తపింజరిని ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పాములతో పాటు ఆయన విశాఖ జాలర్లు తెచ్చే చేపలను కూడా ఒక్కొక్కటిగా సేకరించి, బొమ్మలు గీయించి, కొలతలు రాసుకున్నాడు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలో విశాఖ తీరపు చేపలు రెండు వందలున్నాయి. వాటి పేర్ల కోసం ఆయన లాటిన్ నిఘంటువు వెతకలేదు. ఇక్కడి జాలర్లు ఏమని పిలిస్తే ఆ మాటనే చెవికి వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అలా ఒక బల్లపరుపు చేప పేరు 'నూరీ నలాకా' అని నమోదైంది. అందులో దాగిన మన 'నాలుక'ను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు.

ఆ మాట విశాఖ దగ్గరే ఆగిపోలేదు. పారిస్‌లో జార్జ్ క్యూవియే అనే మహాపండితుడు ప్రపంచంలోని జంతువులన్నిటినీ వర్గాలుగా పేర్చే పనిలో ఉన్నాడు. రస్సెల్ పుస్తకం చూసి, 1829లో ఆ చేపకు 'ప్లూరోనెక్టిస్ నలాకా' అని శాస్త్రీయ నామం ఇచ్చాడు. విశాఖ రేవులో ఒక జాలరి నోటి నుంచి వచ్చిన తెలుగు మాట అలా లాటిన్ పేరులో చేరింది. కానీ అది అక్కడ నిలవలేదు. అదే చేపకు 1801లోనే బెర్లిన్‌లో బ్లాక్, ష్నైడర్ అనే ఇద్దరి గ్రంథం 'ఎరుమై' అని పేరు పెట్టి ఉంది. అది తమిళ జాలర్ల మాట. ఈ చేప వాళ్ళ కంటికి ఎనుము నాలుకలా కనిపించింది. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది నామకరణ నియమం. కాబట్టి తమిళుల ఎనుము నిలిచింది, మన నాలుక పాత జాబితాల్లోకి వెళ్ళిపోయింది. నేడు దాని పేరు సెట్టోడిస్ ఎరుమై. దాని కుటుంబం సెట్టోడిడే. ఆ కుటుంబంలో ఉన్నవి మూడే జాతులు. మన హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ దాకా విస్తరించినది ఒకటి, పశ్చిమ ఆఫ్రికా తీరాన ఉండేవి రెండు.

ఈ చిన్న కుటుంబమే తర్వాతి కథలో పెద్ద సాక్షి అవుతుంది. అప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఇటలీకి వెళ్దాం. వెరోనా నగరానికి ఎగువన కొండల్లో బోల్కా అనే ఊరుంది. అక్కడి సున్నపురాయిని పొరలు పొరలుగా చీలిస్తే చేపలు బయటపడతాయి. 5 కోట్ల ఏళ్ళ కిందట అది వెచ్చని లోతు తక్కువ సముద్రం. చచ్చిన చేపలు అడుగున మెత్తటి సున్నపు బురదలో పడి, కదిలించేవాళ్ళు లేక, పొలుసులు, రెక్కల ఈనెలు కూడా చెదరకుండా రాయిగా మారిపోయాయి. ఆ గనుల్లో పేరున్న ఒక దాన్ని స్థానికులు 'పెషియారా' అంటారు, చేపల తొట్టి అని అర్థం. చెరాటో అనే కుటుంబం తరతరాలుగా అక్కడ రాయి చీలుస్తూనే ఉంది. సుత్తితో చిన్నగా తట్టి, సన్నని ఉలితో పొర విప్పితే, అద్దంలో ప్రతిబింబంలా చేప రెండు పలకల మీదా కనిపిస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో వెరోనాకు చెందిన గజోలా ప్రభువు ఇలాంటి పలకలను ఆశగా పోగుచేశాడు. 1797లో నెపోలియన్ సేన ఉత్తర ఇటలీని గెలుచుకున్నప్పుడు బంగారంతో, చిత్రాలతో పాటు ఈ రాతి చేపలను కూడా పట్టుకుపోయింది. సుమారు 600 పలకలు పెట్టెల్లో పారిస్ చేరాయి. అది దోపిడీయే. కానీ ఆ దోపిడీ వల్లే బోల్కా చేపలు ఐరోపా పండితుల కళ్ళ ముందుకు వచ్చాయి.

1831లో స్విట్జర్లాండ్ యువకుడు లూయీ అగసీ పారిస్ వచ్చి క్యూవియే దగ్గర చేరాడు. శిలాజ చేపలన్నిటినీ వర్ణించి వర్గీకరించాలన్నది అతని పట్టుదల. 1833 నుంచి 1843 దాకా పదేళ్ళపాటు సంపుటాలుగా వెలువడిన ఆ మహాగ్రంథంలో బోల్కా చేపలకు పెద్ద పీట ఉంది. అందులో ఒక చేప అతన్ని తికమక పెట్టినట్టుంది. గుండ్రటి వెడల్పు శరీరం, వీపు మీదా పొట్ట కిందా పొడవాటి రెక్కలు. తెలిసిన ఏ గుంపులోనూ చక్కగా ఇమడలేదు. దానికి 'ఆంఫిస్టియమ్ పారడాక్సమ్' అని పేరు పెట్టాడు. పారడాక్సమ్ అంటే ఊహకు అందని వింత. పేరులోనే ప్రశ్న ఉంది. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఆ చేప ముఖంలోనే ఉందని అగసీకి తట్టలేదు. పలక మీద పుర్రె కొంచెం వంకరగా కనిపించినా ఎవరికీ అనుమానం రాదు. రాయి కింద నలిగిన ఎముకలు వంకర పోవడం మామూలే.

అగసీ తర్వాత అమెరికా వెళ్ళి స్థిరపడ్డాడు. అతని కొడుకు అలెగ్జాండర్ కూడా జంతు శాస్త్రవేత్తే అయ్యాడు. తండ్రి శిలాజంలో చూడలేకపోయిన విషయం మీద కొడుకు బతికున్న చేపల్లో కన్నేశాడు. ఇది చరిత్ర చేసిన చిత్రమైన ఏర్పాటు.

బల్లపరుపు చేప పుట్టుకతో వంకర కాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల అన్ని చేప పిల్లల్లాగే నిటారుగా ఈదుతుంది, ఆ పక్కొక కన్ను ఈ పక్కొక కన్ను ఉంటుంది. కొన్ని వారాలకు ఒక కన్ను మెల్లగా పైకి జరగడం మొదలవుతుంది. పుర్రె ఎముకలు దానికి దారి ఇస్తూ మెలి తిరుగుతాయి. కన్ను నెత్తి దాటి అవతలి పక్కకు చేరేసరికి పిల్ల నీటి అడుగుకు దిగి పక్కకు ఒరిగి పడుకుంటుంది. పందొమ్మిదో శతాబ్దపు మధ్యలో డెన్మార్క్‌లో స్టీన్‌స్ట్రుప్, స్వీడన్‌లో మాల్మ్, తర్వాత అలెగ్జాండర్ అగసీ ఈ మార్పును ఓపికగా గమనించారు. పిల్లలు గాజులా పారదర్శకంగా ఉంటాయి కాబట్టి కన్ను ప్రయాణం దాదాపు బయటికి కనిపిస్తుంది. కన్ను తల మీదుగా వెళ్తుందా, తలలోంచి దూసుకు వెళ్తుందా అని వాళ్ళ మధ్య చాలా చర్చ నడిచింది.

ఒక చేప జీవితంలో కొన్ని వారాల్లో జరిగేది అలా తెలిసింది. ఆ జాతి చరిత్రలో లక్షల ఏళ్ళలో జరిగింది మాత్రం తెలియలేదు. సరిగ్గా అక్కడే ఒక పదునైన ప్రశ్న పడింది.

చార్ల్స్ డార్విన్ 1859లో జాతుల పుట్టుక గ్రంథం ప్రచురించాడు. ప్రాణుల్లో చిన్న చిన్న తేడాలు వస్తాయి, బతకడానికి పనికొచ్చిన తేడాలు నిలుస్తాయి, అవే పోగుపడి కొత్త జాతులవుతాయి అన్నాడు. 1871లో సెయింట్ జార్జ్ మైవర్ట్ అనే ఇంగ్లీషు జంతు శాస్త్రవేత్త దాని మీద ఒక పుస్తకం రాశాడు. పరిణామం జరిగిందని ఆయనా ఒప్పుకున్నాడు. చిన్న తేడాల పోగు ఒక్కటే దాన్ని నడిపిందంటే మాత్రం నమ్మలేకపోయాడు. అందుకు ఆయన ముందు పెట్టిన ఉదాహరణల్లో మన బల్లపరుపు చేప ఒకటి. కన్ను పూర్తిగా పై పక్కకు వచ్చేస్తే లాభమే. కానీ కొంచెమే జరిగిన కన్ను వల్ల ఏం లాభం? అది ఇంకా ఇసక వైపే ఉంటుంది కదా. లాభం లేనిదాన్ని ప్రకృతి ఎందుకు నిలబెడుతుంది? సగం దారిలో ఉన్న కన్ను బరువే తప్ప సాయం కాదు అన్నది ఆయన వాదన.

డార్విన్ ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేదు. మరుసటి ఏడు వచ్చిన ఆరో ముద్రణలో ఇలాంటి ఆక్షేపణలకు జవాబుగా ఒక కొత్త అధ్యాయమే చేర్చాడు. మాల్మ్ పరిశీలనలను ఆసరా చేసుకున్నాడు. పిల్ల చేప అలసి అడుగున ఒరిగినప్పుడు కింది కన్నును బలవంతంగా పైకి తిప్పి చూస్తుంది, ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి కాబట్టి ఆ లాగుడుకు వంగుతాయి, అలా కలిగిన మార్పు తరాల మీద స్థిరపడి ఉంటుందని రాశాడు. అలవాటు వల్ల వచ్చిన మార్పు పిల్లలకు సంక్రమిస్తుందనే ఆ భాగాన్ని తర్వాతి జన్యుశాస్త్రం ఒప్పుకోలేదు. డార్విన్ దగ్గర ఊహ ఉంది, పిల్ల చేపల సాక్ష్యం ఉంది. సగం దారిలో ఆగిన కన్నున్న పెద్ద చేప మాత్రం ఒక్కటీ లేదు. మైవర్ట్ అడిగింది సరిగ్గా దాన్నే.

శిలాజాలు ఆ ఖాళీ పూరిస్తాయా అంటే, అదీ నిరాశే. బోల్కాలోనే ఈయోబోథస్ అనే చిన్న బల్లపరుపు చేప దొరికింది. 5 కోట్ల ఏళ్ళ నాటిదైనా దాని కళ్ళు రెండూ అప్పటికే ఒక పక్కకు చేరిపోయి ఉన్నాయి. దారి అంతా నడిచి ఇంటికి చేరినవాళ్ళే కనిపిస్తున్నారు, దారిలో ఉన్నవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

1902లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ బులాంజే అనే పండితుడు జవాబు గుమ్మం దాకా వచ్చాడు. అగసీ పేరు పెట్టిన ఆ వింత ఆంఫిస్టియమ్‌ను చూసి, దాని శరీర నిర్మాణం బల్లపరుపు చేపలకు దగ్గరగా ఉందన్నాడు. వాటి పూర్వీకులు ఇలాంటివే అయి ఉండాలని వాదించాడు. అందులో తెలివి ఉంది, చాలావరకు నిజమూ ఉంది. కానీ ఆయన కూడా ఆంఫిస్టియమ్ తల రెండు పక్కలా సమానంగానే ఉందనుకున్నాడు. పైగా దాన్ని బల్లపరుపు చేపలతో బాటు జాన్ డోరీ అనే ఇంకో రకం చేపలతో ముడిపెట్టాడు. ఆ రెండో ముడి తప్పని తేలాక, మొదటిదాన్ని కూడా జనం వదిలేశారు. గింజతో పాటు పొల్లు ఉందని చెప్పి చేట మొత్తం పారబోసినట్టయింది. ఆంఫిస్టియమ్ మళ్ళీ మరుగున పడింది.

అదే మ్యూజియంలో 1910లో టేట్ రీగన్ వేరే దారి పట్టాడు. శిలాజాన్ని పక్కన పెట్టి బతికున్న చేపల ఎముకలను పోల్చి చూశాడు. అప్పుడు అతని కంట పడింది మన సెట్టోడిస్. మిగతా బల్లపరుపు చేపల్లో వీపు రెక్క తల మీదికి పాకుతుంది. సెట్టోడిస్‌లో అది కళ్ళ వెనక, మామూలు చేపల్లో ఉన్న చోటే మొదలవుతుంది. రెక్కల మొదట్లో పండుగప్పలాంటి చేపలకు ఉన్నట్టు గట్టి ముళ్ళున్నాయి. మిగతావాటిలో చాలా జాతులు ఎడమకో కుడికో ఒకవైపే ఒరుగుతాయి. సెట్టోడిస్‌లో ఎడమ, కుడి రెండు రకాలూ దాదాపు సమానంగా పుడతాయి. జరిగిన కన్ను నెత్తి అంచునే ఆగిపోయింది. ఇవన్నీ పేర్చి చూస్తే సెట్టోడిస్ ఒక పక్కకు ఒరిగిన మామూలు ముళ్ళరెక్కల చేపలాగే కనిపించింది. 1934లో నార్మన్ అనే మరో బ్రిటిష్ మ్యూజియం పండితుడు బల్లపరుపు చేపల వర్గీకరణ మీద పెద్ద గ్రంథం వెలువరించినప్పుడు కూడా ఈ కుటుంబానికి ప్రత్యేక స్థానం ఇచ్చాడు. విశాఖ రేవులో రస్సెల్ చేతికి చిక్కిన చేప, మొత్తం వంశంలో పాత లక్షణాలు ఎక్కువగా దాచుకున్న పెద్దదిక్కుగా తేలింది.

అయినా మైవర్ట్ ప్రశ్న అలాగే ఉంది. సెట్టోడిస్ కన్ను గట్టు దాకా వచ్చింది. గట్టుకు ఇవతలే ఉండిపోయిన కన్ను ఏది?

జర్మనీలో పుట్టిన జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ గోల్డ్‌ష్మిట్ 1930లలో ఆ ప్రశ్నను మరో రకంగా విప్పాలని చూశాడు. మధ్య దశలు దొరకడం లేదంటే అవి లేనే లేవేమో అన్నాడు. ఒక పెద్ద మార్పుతో ఒక్క గెంతులో వింతరూపం పుట్టి ఉంటుంది, వాటిలో ఏదో ఒకటి అదృష్టవశాత్తూ బతికి కొత్త వంశానికి మూలమై ఉంటుందని ఊహించాడు. అలాంటి వింతలను 'ఆశపెట్టే రాక్షసులు' అన్నాడు. బల్లపరుపు చేప ఆయనకు ఇష్టమైన ఉదాహరణల్లో ఒకటి. చాలామంది జీవ శాస్త్రవేత్తలు ఆ మాటను ఒప్పుకోలేదు. కానీ కాదని చూపించడానికి వాళ్ళ చేతిలోనూ చేప లేదు. ఒక మనిషి దగ్గర సాక్ష్యం లేక, మరో మనిషి దగ్గర నమ్మకం లేక, ఆ వాదన దశాబ్దాలు నడిచింది.

ఇంతకాలమూ జవాబు సొరుగుల్లో పడుకుని ఉంది.

ఇరవయ్యొకటో శతాబ్దపు తొలి దశకంలో షికాగో విశ్వవిద్యాలయంలో మాట్ ఫ్రీడ్‌మన్ అనే పరిశోధక విద్యార్థి శిలాజ చేపల మీద పని చేస్తున్నాడు. కొత్త గనులు తవ్వడానికి వెళ్ళలేదు. ఐరోపా మ్యూజియాల్లో ఎప్పుడో చేరిన పాత పలకలను మళ్ళీ చూడటం మొదలుపెట్టాడు. ఆంఫిస్టియమ్ పుర్రె దగ్గర అతని చూపు ఆగింది. కంటి గూళ్ళు ఒక ఎత్తున లేవు. ఒకటి మామూలు చోట ఉంటే రెండోది నెత్తి వైపు జరిగి ఉంది.

నూట డెబ్భై ఏళ్ళుగా చూసినవాళ్ళు దాన్ని నలుగుడు అనుకున్నారు. ఫ్రీడ్‌మన్ ఆ అనుకోలును పరీక్షకు పెట్టాడు. రాయి బరువుకు నలిగిన పుర్రెలు ఒక్కోటి ఒక్కో తీరుగా చెదరాలి. ఇక్కడ ఒక పలక తర్వాత మరో పలక తీసి చూసినా అదే వంకర, అదే చోట, అదే తీరులో ఉంది. చుట్టుపక్కల ఎముకలు విరగలేదు, పక్కకు తొలగలేదు. జరిగిన కంటికి దారి ఇచ్చినట్టు పద్ధతిగా మెలి తిరిగి ఉన్నాయి.

ఇంకో చిక్కు ఉంది. పలక మీద చేప ఒక పక్కే కనిపిస్తుంది, రెండో పక్క రాతిలో మునిగి ఉంటుంది. ఒక కన్ను ఎక్కడుందో తెలియాలంటే రెండు పక్కలూ చూడాలి. రాయి పగలగొడితే శిలాజమే పోతుంది. అందుకని ఆస్పత్రుల్లో తలకు తీసే సీటీ స్కాన్ లాంటిదాన్ని రాతి చేప తలకు తీశారు. రాయి లోపల దాక్కున్న సగం ముఖం తెర మీద కనిపించింది. ఒక కన్ను తన పక్కన తన చోటే ఉంది. రెండోది నెత్తి వైపు చాలా దూరం ఎక్కింది, కానీ గట్టు దాటలేదు. తన పక్కనే ఉండిపోయింది.

చివరి అనుమానం ఒకటి మిగిలింది. ఇది కన్ను ఇంకా జరుగుతూ ఉన్న పిల్ల చేపేమో? పిల్ల అయితే ఎముకలు లేతగా, కట్టు పూర్తికాక ఉంటాయి. ఇవి ఎముకలు గట్టిపడిన ఎదిగిన చేపలు. అంటే వాటి కన్ను ప్రయాణం అక్కడితో అయిపోయింది. జీవితమంతా సగం దారిలోనే ఉన్న కన్ను అది.

అదృష్టం ఇంకోసారి తలుపు తట్టింది. వియన్నా నేచురల్ హిస్టరీ మ్యూజియం సేకరణలో బోల్కా నుంచే వచ్చిన మరో చేప, అప్పటికి శాస్త్రంలో పేరు లేనిది, అతని చేతికి వచ్చింది. దాని పుర్రెలోనూ అదే కథ ఉంది. ఒక కన్ను పైకి ఎక్కింది, అవతలికి దిగలేదు. దానికి 'హెటెరోనెక్టిస్ చానెటి' అని పేరు పెట్టాడు. హెటెరోనెక్టిస్ అంటే వేరుగా ఈదేది. చానెటి అన్నది శిలాజ బల్లపరుపు చేపల మీద ఏళ్ళ తరబడి పని చేసిన ఫ్రెంచి పరిశోధకుడు బ్రూనో షానే గౌరవార్థం. 2008 జులైలో నేచర్ పత్రికలో ఈ పరిశోధన వెలువడింది. మైవర్ట్ పుస్తకం వచ్చిన 137 ఏళ్ళకు, ఆయన ఉండవన్న చేపలు రెండు ముందుకు వచ్చాయి.

మరి ఆయన అడిగిన అసలు ప్రశ్న? సగం జరిగిన కన్నుతో ఆ చేప ఎలా బతికింది? ఇక్కడ ఫ్రీడ్‌మన్ బతికున్న చేపలను సాయం అడిగాడు. నేటి బల్లపరుపు చేపలు అడుగున ఎప్పుడూ అప్పడంలా అతుక్కుని పడుకోవు. అంచు రెక్కల ఈనెలను నేలకు ఆనించి ఒంటిని కొంచెం పైకి లేపుతాయి. అలా లేచినప్పుడు పైకి జరిగిన కన్నుకు ఎంతో కొంత చూపు అందుతుంది. ఇసకలో పూర్తిగా కప్పుకుపోయే కన్ను కంటే అది మేలు. ఒక ఆంఫిస్టియమ్ కడుపులో దాని పొడవులో సగానికి పైగా ఉన్న మరో చేప అవశేషం ఉంది. సగం దారి కన్నుతోనే అది అంత పెద్ద వేట పట్టి మింగింది. బతకడానికి ఇబ్బంది పడిన ప్రాణి కాదు అది. సగం చూపు కూడా చూపే. దాన్నుంచి ఇంకొంచెం, ఇంకొంచెం పెరిగి పూర్తి ప్రయాణం జరిగిందని చెప్పడానికి ఇప్పుడు రాతి సాక్ష్యం ఉంది.

కథ అక్కడితో ముగిసిందనుకుంటే జన్యువులు కొత్త పేచీ తెచ్చాయి. బల్లపరుపు చేపలకు దగ్గరి చుట్టాలెవరని డీఎన్ఏని అడిగితే, పారలు, పండుగప్పలు, కొమ్ము కోనాలు ఉన్న పెద్ద బలగం వైపు చూపించింది. అంతవరకు బాగానే ఉంది. కానీ 2013లో వచ్చిన ఒక పరిశోధన మన సెట్టోడిస్ కుటుంబం మిగతా బల్లపరుపు చేపలతో నిజంగా ఒకే కొమ్మదేనా అని అనుమానం లేవదీసింది. 2021లో మరో బృందం ఎన్నో జాతుల పూర్తి జన్యుక్రమాలను చదివి, కన్ను రెండుసార్లు విడివిడిగా జరిగిందేమో అంది. సెట్టోడిస్ తన దారిన తాను, మిగతావి తమ దారిన తాము ఒకే చోటికి చేరాయని దాని అర్థం. ఈ బలగమంతా చాలా తక్కువ కాలంలో వేగంగా చీలిపోయింది కాబట్టి, ఏ కొమ్మ ముందు, ఏది వెనక అన్నది జన్యువుల్లో చెరిగిపోయిన రాతలా మిగిలింది. 2024లో ఇంకో బృందం ఆ రాతను మరింత జాగ్రత్తగా చదివి, కన్ను ప్రయాణం ఒక్కసారే మొదలైందని, సెట్టోడిస్ ఆ ఇంటి బిడ్డే అని చెప్పింది. ఆంఫిస్టియమ్, హెటెరోనెక్టిస్ పుర్రెలు చెప్పిన కథకు ఆ మాట చక్కగా అతుకుతుంది.

ఇప్పుడు అన్నిటినీ ఒక వరసలో పెట్టి చూడండి. మామూలు చేపకు కన్ను తన పక్కన ఉంది. ఆంఫిస్టియమ్‌లో అది గట్టు కిందికి చేరింది. సెట్టోడిస్‌లో గట్టు మీద ఆగింది. మిగతావాటిలో గట్టు దిగి అవతలికి వెళ్ళింది. సెట్టోడిస్ వాటికి తాత కాదు, పాత ఇంటి గుర్తులు వదలని దాయాది. అయినా ఆ ప్రయాణంలో ఒక మజిలీని ఇవాళ్టికీ మన కళ్ళ ముందు మోసుకు తిరుగుతున్నది అదే.

ఈ కథలో నాకు పదే పదే గుర్తొచ్చేది వియన్నా సొరుగు కంటే పారిస్ పలకే. అగసీ తక్కువ పండితుడు కాదు. బులాంజే కూడా కాదు. ఇద్దరూ ఆంఫిస్టియమ్ పుర్రెను చూశారు, ఆ వంకరా చూసే ఉంటారు. రాయి చేసిన పాడనుకుని దాటిపోయారు. ఎన్నో ఏళ్ళకు ఒక విద్యార్థి ఆ వంకర దగ్గరే ఆగి, ఇది పాడు కాక మరేమై ఉంటుందని తనను తాను అడిగాడు. తర్వాత ఒక్క పలకతో తృప్తి పడక అన్ని పలకలూ తిరిగి చూశాడు. కొత్త రాయి ఒక్కటీ తవ్వకుండానే ఈ ఆవిష్కరణ జరిగింది.

ఆ ఉదయం హార్బర్‌లో ఆవిడ నాలుక చేపను మళ్ళీ తిప్పి గంపలో పెట్టింది. తీసుకుంటారా అని అడిగింది. తీసుకున్నాను. చేప కోసే మనిషి పీట మీద దాన్ని పెట్టి కత్తి ఎత్తబోతుంటే, ఒక్క నిమిషం ఆగమన్నాను. నెత్తి అంచున ఆ కన్ను ఇంకా తడిగా మెరుస్తోంది. ఈ పక్క నుంచి చూశాను, చేపను తిప్పి ఆ పక్క నుంచీ చూశాను. రెండు పక్కల నుంచీ కనిపించింది.